అవ్వ అడిగిన గాలి

మా గంగాధర్ చిన్నాయన దినాలకు నాందేడ్ పోయినప్పుడు, ఆయన కొడుకు మహేశ్ తన దుకాణంలోని అద్దాల అల్మారా తెరిచి, అందులోని ఒక పాత ఫ్యాను బిగించిన దిమ్మె చూపిస్తూ వచ్చినవాళ్ళందరికీ కథ చెబుతున్నాడు. "మా అవ్వ తుంటి విరిగి మంచాన వడ్డదా, ఎండలు మండుతున్నయి, ఇంట్ల ఒక్కటే కూలర్. అది కంప్యూటర్‌కు పెట్టాల్నా, తల్లికి పెట్టాల్నా? మా బాపు ఏం జేసిండో ఎరికేనా? భంగార్ల నుంచి పాత సామాను ఏరుకొచ్చిండు, కంప్యూటర్‌కు వేరే కూలింగ్ తయారు జేసిండు, కూలర్‌ను తల్లి దిక్కు తిప్పిండు. ఆఖరి గడియ దాక అవ్వకు సల్లగాలి తగిలింది." వినేవాళ్ళు తలలూపారు. ఇస్లాపూర్ నుంచి వచ్చిన ఒక ముసలాయన కండువాతో కళ్ళు కూడా ఒత్తుకున్నాడు.

నేను ఊరుకునే మనిషిని కానని మా వాళ్ళకు తెలుసు. అందుకే నన్ను చూడగానే మహేశ్ అల్మారా తలుపు మూయబోయాడు. "అది మీ బాపు చేసింది కాదురా, నేను చేసిన" అన్నాను. "అక్కా, పది మందిల ఎందుకే ఇప్పుడు" అన్నాడు నెమ్మదిగా. పది మందిలో అబద్ధం చెప్పొచ్చు కానీ పది మందిలో నిజం చెప్పకూడదా అని అడిగాను. వాడు పులిహోర తిందువు రమ్మన్నాడు. ఎవరు చేశారన్నది నిజానికి చిన్న సంగతే. ఆ పేరు చిన్నాయనే ఉంచుకోనీ, నాకేం తరిగిపోదు. నా తగాదా అంతా ఆ చివరి మాటతో. ఆఖరి గడియ దాకా చల్లగాలి తగిలిందన్న మాటతో.

మాది ఇస్లాపూర్. బాపుకు జొన్న చేను, పత్తి చేను తప్ప వేరే లోకం లేదు. నేను బీఎస్సీ ఎలక్ట్రానిక్స్‌లో చేరినప్పుడు, తోడబుట్టినవాడి ఇల్లుండగా హాస్టల్ ఎందుకని నన్ను కిన్వట్ రైల్లో తీసుకొచ్చి నాందేడ్‌లో చిన్నాయన ఇంట్లో దింపిపోయాడు. చిన్నాయన నన్ను ఇంట్లో పెట్టుకున్నది అన్న కూతురునని కాదు, నా వేళ్ళు చూసి. కోర్టు ముందు గల్లీలో ఆయనది డీటీపీ దుకాణం. మరాఠీలో పెళ్ళి పత్రికలు, అఫిడవిట్లు, ఏడో తరగతి పిల్లలకు ప్రశ్నపత్రాలు. మరాఠీ అక్షరాలు తప్పుల్లేకుండా, వేగంగా కొట్టేది ఇంట్లో నేనొక్కదాన్నే. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి కంప్యూటర్. తిన్న తిండికి పని, చేసిన పనికి తిండి. అందులో దాపరికం ఏమీ లేదు, చిన్నమ్మ కంచం పెట్టేటప్పుడే ఆ లెక్క పెట్టే శబ్దం వినిపించేది.

దుకాణమంటే వేరే కాదు, ఇంటి ముందరి అర్రే. పైన రేకులు. వాటిని మేం మరాఠీవాళ్ళలాగే పత్రాలు అనేవాళ్ళం. నిజామాబాద్ చుట్టాలు వస్తే "మీరు పత్రాల కింద ఉంటరా, మరి వాన కొడితె తడువయా?" అని అడిగి నవ్వించేవాళ్ళు. ఆ రేకుల కింద ఒక మూల కంప్యూటర్ బల్ల, ఇంకో మూల పాత చీర పరదా వెనక మా అవ్వ మంచం. అవ్వ అంటే బాపు వాళ్ళ తల్లి. స్నానం చేసే మోరీలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నది. ఆపరేషన్ చేయిస్తే లేస్తుందని డాక్టర్, ఈ వయసులో ఎందుకని చిన్నాయన. ఇద్దరిలో ఎవరి మాట నెగ్గిందో చెప్పనక్కర్లేదు. లోపలి అర్రలో వంట, పడక అన్నీ అయ్యేవి గనక అవ్వను ముందరి అర్రలోనే వేశారు. అక్కడ మూడు వాసనలు ఎప్పుడూ కలిసి ఉండేవి: అవ్వ వేలితో పళ్ళకు రుద్దుకునే కాల్చిన పొగాకు పొడి, ప్రింటర్ ఇంకు, కూలర్‌లో తడిసిన గడ్డి.

కూలర్ అంటే నాందేడ్ వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇనుప రేకు డబ్బా, మూడు వైపులా గడ్డి జాలీలు, లోపల నీళ్ళు, ముందు పెద్ద ఫ్యాను. హోళీ వెళ్ళగానే అటక మీంచి దింపి, జంగు గీకి, రంగు వేసి, కొత్త గడ్డి పెట్టడం మా ఇళ్ళలో పండుగ పని లాంటిది. బిందెలు మోసి నీళ్ళు నింపే పని నాది. మొదట్లో అది అవ్వ మంచం వైపే ఉండేది. అవ్వ మంచిదని కాదు. అవ్వ మంచిదని నేను ఎక్కడా రాయను. ఆమె నోటికి ఊళ్ళో కుక్కలు కూడా దారి తప్పుకునేవి. నన్ను "నల్లతుమ్మ మొద్దు" అని పిలిచేది. చిన్నమ్మను పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. కానీ మంచాన పడ్డ మనిషికి రేకుల కింద గాలి కావాలి, దానికి మంచితనంతో ఏం పని?

వైశాఖం పెళ్ళిళ్ళ ముమ్మరంలో కంప్యూటర్ ఆగిపోవడం మొదలైంది. మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి తెర మీద బాణం గుర్తు ఉన్నచోటే బిగుసుకుపోయేది. మౌస్‌ను ఎంత తిప్పినా కదలదు. సగం కొట్టిన పెళ్ళి పత్రిక, పిల్లవాడి మేనమామల పేర్లతో సహా గాలికి పోయేది. డబ్బా విప్పి చూస్తే ప్రాసెసర్ మీది చిన్న ఫ్యాను తిరగడం లేదు. దుమ్ము పేరుకుని, బేరింగ్ పట్టేసింది. దాని కింది అల్యూమినియం ముక్క మీద వేలు పెడితే చుర్రుమంది. కొత్త ఫ్యాను హైదరాబాద్ నుంచి రావాలన్నాడు మెకానిక్. చిన్నాయన అంతవరకు ఆగే మనిషా? కూలర్‌ను కాళ్ళతో నెట్టి, మూత తీసిన కంప్యూటర్ ముందు పెట్టాడు.

"తడిగాలి బోర్డుకు మంచిది గాదు చిన్నాయనా, జంగు వడుతది" అన్నాను.

"మనిషికి మంచిదైంది మిషన్‌కు ఎట్ల చెడ్డదైతదే? చదువుకున్నవు గని తెలివి లేదు నీకు."

"మరి అవ్వకు?"

"ముసల్దానికి చెమట వడితె తుడుసుకుంటది. మిషన్ తుడుసుకుంటదా?"

ఆ రోజు నుంచి పరదా వెనక అరుపులు మొదలు. "గాలి... గాలి ఇయ్యుండ్రి... ఓ గంగాధరా, గాలి ఇయ్యిరా..." రేకులు వేడెక్కుతున్న కొద్దీ గొంతు పెరిగేది. దుకాణానికి వచ్చేవాళ్ళలో సగం మందికి తెలుగు రాదు. కోర్టు ముందు చెట్టుకింద అర్జీలు రాసుకునే ఒకాయన ఉండేవాడు, ఊళ్ళో హాస్యగాడని పేరు. ఒకనాడు చెవి రిక్కించి విని, చిన్నాయనతో దక్కనీలో అన్నాడు, "అరే గంగాధర్, అమ్మా గాలీ మాంగ్‌రయీ. దే దే నా భాయ్, ఎత్తీ దేర్‌సే మాంగ్‌రయీ." గాలి అంటే మనకు గాలి, వాళ్ళకు తిట్టు. మీ అమ్మ తిట్టు అడుగుతున్నది, ఇవ్వరాదా అని. బెంచీ మీది నలుగురూ పగలబడి నవ్వారు. చిన్నాయన కూడా నవ్వాడు. నవ్వి, పరదా వైపు తిరిగి, "నీ పాడె గట్ట, ఇగో తీస్కో గాలి" అన్నాడు.

ఒక్కసారితో పోతే మరిచిపోయేదాన్నేమో. అది ఆ దుకాణానికి రోజూ జరిగే తమాషా అయింది. అవ్వ గాలి అడగడం, చిన్నాయన తిట్టు ఇవ్వడం, గిరాకీలు నవ్వడం. కొందరు మరాఠీవాళ్ళు కావాలనే అడిగేవాళ్ళు, ఇవాళ ముసలావిడకు ఇచ్చారా అని. తెలుగు, దక్కనీ రెండూ తెలిసినవాళ్ళే ఇట్లాంటి సరసం ఆడగలరు. మూడు భాషలు వచ్చిన ఊరని మేం గొప్ప చెప్పుకుంటాం కదా, ఆ గొప్ప అక్కడ ఖర్చయింది. అవ్వ చెవులు మందం. మొదట్లో ఆమెకు అర్థం కాలేదు. కొడుకు ఏదో జవాబు చెబుతున్నాడు, ఇక గాలి వస్తుందని పరదా వైపు చూస్తూ ఉండేది.

నేను చేసింది అవ్వ మీద ప్రేమతో అని మహేశ్ లాగా కథ అల్లను. ఆ అరుపుల మధ్య నాకు అక్షరాలు తప్పు పడుతున్నాయి, అది ఒకటి. ఆ నవ్వు వినలేకపోతున్నాను, అది ఇంకొకటి. కంప్యూటర్‌కు దాని గాలి దానికి ఉంటే కూలర్ ఖాళీ అవుతుంది, అంతే కదా అనుకున్నాను. చిన్నాయనను అడిగాను. ఆయన పెద్దమనిషి లాగా చెయ్యి చాచాడు. "మిట్టమధ్యాహ్నం ఎండల మిషన్ ఆగకుండ నడిపి చూపియ్యి. కూలర్ అవ్వకే. నా మాట." ఆ మాట విన్నవాళ్ళు ఇద్దరున్నారు, నేనూ, గుమ్మంలో చాటతో నిలబడ్డ చిన్నమ్మా.

ఇత్వారా వైపు తుక్కు కొట్లుండేవి. తుక్కును మా దగ్గర భంగార్ అంటారు. చచ్చిన కంప్యూటర్ల కరెంటు డబ్బాల్లో ఒక పెద్ద ఫ్యాను ఉంటుంది, డబ్బా కాలిపోయినా అది బతికే ఉంటుంది. అట్లాంటిది ఒకటి పట్టాను. మంటపాలవాళ్ళు పారేసిన పాత మైకుసెట్టు ఆంప్లిఫయర్ నుంచి అల్యూమినియం రెక్కల దిమ్మె ఒకటి విప్పించుకున్నాను. టీవీ మెకానిక్ దగ్గర తెల్లటి మలాము చిటికెడు అడిగి కాగితంలో పొట్లం కట్టుకున్నాను, వేడి లోహం నుంచి లోహానికి దిగాలంటే మధ్యలో అది రాయాలి. ఇంటికి రాగానే అవ్వ కేకేసింది. "ఏడికి వోయినవే, నల్లతుమ్మ మొద్దా?"

"భంగార్ దుకాణానికి అవ్వా."

"బంగారమా? నాకు చెవుల కమ్మలు తెచ్చినవా?"

"తెచ్చిన. పెట్టుకుంటె చెవులు దెంపుకొని కింద వడుతయి."

అవ్వ నవ్వింది. పళ్ళు నల్లగా, పొగాకు పొడితో. ఆ ఎండాకాలంలో ఆమె నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

పాత దిమ్మెను రంపంతో కోసి, ఆకురాయితో రుద్ది, ప్రాసెసర్ మీద మలాము రాసి, సైకిల్ చువ్వ వంచి బిగించాను. ఫ్యాను దిమ్మె కంటే పెద్దది, గాలంతా పక్కలకు పోతున్నది. మధ్యలో ఒక గరాటు కావాలి. అట్ట పెడితే వేడికి వంగిపోయింది. పలుచగా ఉండాలి, వంగాలి, కరగకూడదు. ఇంట్లో అట్లాంటిది ఒక్కటే ఉంది. అవ్వ పరుపు కింద ఎక్స్‌రే. దాన్ని ఆమె "నా బొక్కల ఫోటో" అనేది. చూడవచ్చిన ప్రతివాళ్ళకూ తీసి చూపించేది. తన బొమ్మ అంటూ ఆమెకున్నది అదొక్కటే. గరాటుకు అది కావాలని అడిగాను.

"కోస్తవా దాన్ని? కోస్తె రేపు డాక్టర్‌కు ఏం జూపియ్యాలె?"

డాక్టర్ దగ్గరికి ఇక ఎవరూ తీసుకుపోరని ఆమెకు చెప్పలేదు. "కోస్తె కూలర్ నీ దిక్కు అస్తది" అన్నాను.

"నిజంగనా?"

"చిన్నాయన మాటిచ్చిండు."

పరుపు కింద చెయ్యి పెట్టి కవరు లాగి, నా మీదికి నెట్టింది. "అయితె కొయ్యి. నడుమ మాత్రం కొయ్యకు, విరిగిన కాడ మంచిగ వడ్డది ఫోటో."

విరిగిన చోటు తప్పించి కత్తిరించాను. గరాటులా చుట్టి, టేపు వేసి, ఫ్యానుకూ దిమ్మెకూ మధ్య కూర్చోబెట్టాను. కంప్యూటర్ కరెంటు డబ్బా పసుపు తీగకూ నల్ల తీగకూ కలిపితే ఫ్యాను పూర్తి వేగంతో లారీలా మొత్తుకుంది. పసుపు వదిలి ఎర్ర తీగకు మార్చేసరికి సద్దుమణిగింది, కానీ గాలి చాల్లేదు. చివరికి ఆ మొత్తుకోలే ఖాయం చేశాను. గాలి ఎటు పోతున్నదో చూడటానికి ఊదుబత్తి వెలిగించి దగ్గర పెడితే, పరదా సందులోంచి అవ్వ చూసి, "మిషన్‌కు అప్పుడే పూజ మొదలు వెట్టిండ్రా? నాకంటె ముందు అది వోతదా?" అన్నది.

పోలేదు. మర్నాడు రేకులు టకటకమని చప్పుడు చేసే ఎండలో, కూలర్ బందు పెట్టి, నేను ఎడతెగకుండా పత్రికలు కొట్టాను. బాణం గుర్తు ఒక్కసారీ బిగుసుకోలేదు. చిన్నాయన వచ్చి దిమ్మె మీద వేలు పెట్టి చూశాడు. ఈసారి చుర్రుమనలేదు. "శాబాష్" అన్నాడు. కూలర్‌ను తిప్పాడు. నేను చూస్తుండగానే తిప్పాడు. గిరాకీలు కూర్చునే బెంచీ వైపు.

"చిన్నాయనా, మాటిచ్చినవు."

"ఇచ్చిన. కాదంటున్ననా? ఈ లగ్గాలు గడవనియ్యి. గిరాకి చెమటలు గారుసుకుంట కూసుంటడా, పక్క దుకాణానికి వోతడా? నువ్వే చెప్పు, లెక్కలు సదివినవు గద."

ఆ అర్జీల మనిషి బెంచీ మీద చొక్కా గుండీ విప్పుకుని, ఒళ్ళు విరుచుకుని, "హాఁ, అబ్ బరాబర్ గాలీ ఆరీ" అన్నాడు, ఇప్పుడు సరిగ్గా వస్తున్నదని. అందరూ నవ్వారు.

వంటింట్లో చిన్నమ్మ జొన్నరొట్టె చరుస్తున్నది. నువ్వన్నా చెప్పు చిన్నమ్మా అన్నాను. ఆమె చేతులు ఆగలేదు. తలెత్తకుండానే చెప్పింది. "మహేశ్ పుట్టినప్పుడు గిసోంటి ఎండలే. గదే అర్ర. బాలింతకు గాలి సోకద్దని కిటికీకి గోనెసంచి కొట్టిచ్చింది మీ అవ్వ. నా చెవులల్ల దూది వెట్టింది. పంక వైరు వీకి తన కాడ వెట్టుకున్నది. పురుడు ఎల్లేదాక నేను గాలి గాలి అన్న. ఏమన్నదో ఎరికేనా? గాలి లేకుంటె ఎవ్వరు సావరు అన్నది." రొట్టెను పెనం మీద వేసి, నీళ్ళు రాసి, "నేను సావలే గద" అన్నది.

వాదనలో నేను ఎవరికీ తీసిపోను. ఆ రోజు మాత్రం బిందె తీసుకుని నీళ్ళకు పోయాను. బాలింతకు గాలి పడదనే ఆచారం చిన్నమ్మ ఒక్కదానికే కాదు, మా అమ్మకూ జరిగింది, ఊళ్ళో అందరికీ జరిగింది. కానీ అందరూ దాన్ని అట్లా దాచిపెట్టుకోలేదు.

కూలర్ ఇక తన దిక్కు రాదని అవ్వకు ఎట్లా తెలిసిందో, బెంచీ మీది నవ్వులతో తెలిసిందో, అరవడం మానేసింది. ఒకసారి నేను నీళ్ళు తాగించబోతే నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది. "నేను గాలి అన్నప్పుడల్ల వాళ్ళెందుకు నవ్వుతరే?" హిందీల దానికి వేరే అర్థం ఉన్నది అవ్వా అన్నాను. "ఏం అర్థం?" చెప్పాను. చెప్పి ఉండకూడదని కొందరంటారు. నేనట్లా అనుకోను. ఆమె మీద ఆడుతున్న ఆట ఏందో ఆమెకు తెలియాలి. ఆ తర్వాత ఆమె ఆ మాట మళ్ళీ అనలేదు. చెమటకు పరుపు తడిసేది, పెదవులు పగిలేవి, చేత్తో కొంగు ఆడించుకునేది, కానీ ఆ మాట మాత్రం నోట రాలేదు. అంత పొగరుమోతు మనిషి.

నా ప్రాక్టికల్ పరీక్ష రోజున దుకాణం నడవలేదు. చిన్నాయన కోర్టులో ఏదో జామీను పని మీద పోయాడు. మహేశ్ సెలవులకు ముద్ఖేడ్‌లో అమ్మమ్మ ఇంట్లో ఉన్నాడు. ఇంట్లో చిన్నమ్మ, అవ్వ. నేను ఎండలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చేసరికి ముందరి అర్ర తలుపు బార్లా తెరిచి ఉంది, పరదా తీసేసి ఉంది. కూలర్ అవ్వ మంచం వైపు తిరిగి, నిండుగా నీళ్ళతో, జోరుగా నడుస్తున్నది. అవ్వ నెరిసిన వెంట్రుకలు గాలికి లేస్తున్నాయి. ఒక్క క్షణం, చిన్నాయన మాట నిలుపుకున్నాడనుకున్నాను. తర్వాత ముక్కులో దూది కనిపించింది.

చిన్నాయన తర్వాత వచ్చాడు, గుమ్మంలోనే కూలబడి గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు నటన అనను. ఇస్లాపూర్ నుంచి బాపు వాళ్ళు వచ్చేదాకా శవం ఆగాలి కాబట్టి కూలర్ అట్లాగే నడుస్తూ ఉంది. ఒక్కొక్కరే వచ్చి, మంచం వైపు తిరిగిన కూలర్‌ను చూసి, పక్కన వేరే ఫ్యాను బిగించిన కంప్యూటర్‌ను చూసి, "కొడుకంటె గిట్ల ఉండాలె" అన్నారు. మహేశ్ కథ పుట్టింది అక్కడే. చిన్నాయన మొదట్లో కాదనేవాడు కాదు, అవుననేవాడూ కాదు. పాతబడ్డ కొద్దీ అవుననడం మొదలుపెట్టాడు. పోయే ముందు తానే చేశానని నిజంగా నమ్మి ఉంటాడని నా అనుమానం.

ఇప్పుడు అదే స్థలంలో మహేశ్‌ది పెద్ద ఫ్లెక్స్ దుకాణం. రేకుల బదులు స్లాబు. మిషన్లకు ఏసీ ఎప్పుడూ నడుస్తుంది, తలుపు మూయండి అని మరాఠీలో బోర్డు. చిన్నమ్మ గల్లా పక్కన శాలువా కప్పుకుని కూర్చుంటుంది, మోకాళ్ళకు చలి పడదు. "జెర తగ్గియ్యిరా" అని ఆమె అనడం, "మిషన్ కరాబైతదమ్మా" అని వాడు అనడం నేను వెళ్ళిన ప్రతిసారీ వింటాను. వాడు కనీసం తిట్టడు. ఇన్నేళ్ళలో మా ఇంటి మర్యాద పెరిగింది ఆ మేరకు. అప్పుడు ఇల్లు పేదది, ఒక్క కూలర్‌కు ముగ్గురు హక్కుదారులు, అందుకే అట్లా జరిగిందని మా తమ్ముళ్ళు సర్దిచెబుతారు. గాలి ఇంత ఎక్కువైనాక కూడా అది ఎటు తిరగాలో నిర్ణయించేది మిషనే అయితే, పేదరికం మీద నెపం ఎట్లా వేస్తాను?

దినాల భోజనాలయ్యాక చిన్నమ్మ పక్కన కూర్చున్నాను. అడిగాను. ఇది మొదటిసారి కాదు. శవం దగ్గర అడిగితే, "జరుగు, నీళ్ళు పొయ్యాలె" అన్నది. నా పెళ్ళప్పుడు అడిగితే వినపడనట్టు పోయింది. ఇప్పుడు, "ఎప్పటి ముచ్చట్లే అవి" అని శాలువా భుజాల మీదికి లాక్కుంది.

ఆ రోజు నేను అవ్వ చెయ్యి పట్టుకుని చూశాను. చల్లగా ఉంది. ఆ చల్లదనం చావుదో, కూలర్‌దో నాకు తెలియలేదు. ముసలిదాని ముఖం మీద చెమట లేదు, పరుపు మాత్రం ఇంకా తడిగానే ఉంది. ఎవరు తిప్పారని నేను అడగడం లేదు, ఇంట్లో ఉన్నది ఒక్కరే. అంతకుముందు ఎందుకు తిప్పలేదని కూడా అడగను, రొట్టెలు చరుస్తూ నువ్వే చెప్పావు. నాకు కావలసింది ఒక్కటే. చిన్నమ్మా, నువ్వు ఆ కూలర్‌ను అవ్వ దిక్కు తిప్పింది ఊపిరి ఉండంగనా, పోయినంకనా?